వేలిముద్ర నుంచి ఓటీపీ దాకా: దూబగుంట టు తిలోనియా

మా చిన్న సంస్థ వచ్చే నెల నుంచి డ్వాక్రా సంఘాల మహిళలకు స్మార్ట్‌ఫోన్ తరగతులు మొదలుపెడుతోంది. పాఠాలు తయారుచేసే పని నాకు అప్పజెప్పారు. కూర్చుని రాయాలంటే రెండు రోజుల పని. కానీ ఆడవాళ్లకు అక్షరం, కెమెరా, బ్యాంకు ఖాతా అందించే పనిని ఎంతోమంది ఎప్పుడో మొదలుపెట్టి, కిందామీదా పడి నిలబెట్టారు. వాళ్లు నడిచిన దారి చూడకుండా పాఠం రాయడం నాకు సరిగ్గా అనిపించలేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు దేశంలో 54 శాతం. ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు 33 శాతం, మగవాళ్లలో అది 57. మన దగ్గరికి వస్తే ఇంటర్నెట్ వాడిన మహిళలు తెలంగాణలో 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. ఈ చివరి అంకె చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. మా సంస్థలో లెక్కలు చూసే అక్క కూడా నాతో వస్తానంది. ఆమెది నెల్లూరు జిల్లా. అందుకే మొదటి మజిలీ ఎక్కడన్నది ఆలోచించాల్సిన పని పడలేదు.

సోమవారం, దూబగుంట

కావలిలో దిగి కలిగిరి వైపు బస్సెక్కాం. దారి పొడుగునా అక్క వాళ్లమ్మ గురించే చెప్పింది. పొదుపులక్ష్మి అనే పొదుపు ఉద్యమం రోజుల్లో ఆవిడ రోజుకో రూపాయి పక్కన పెట్టేదట. నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రి బడికొచ్చిన ఆడవాళ్లు పాఠం చదువుకుంటూ తమ కూలి డబ్బులు సారా కొట్టుకు ఎలా పోతున్నాయో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దూబగుంటలో ఆడవాళ్లంతా ఒక్కటై సారా దుకాణం మూయించారు. వాళ్లను ముందుండి నడిపించిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. దూబగుంట కథే పాఠంగా మారి మిగతా ఊళ్లకు చేరింది. 1993 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ ఉద్యమంలోంచే రోజుకు రూపాయి పొదుపు వచ్చింది, దాని మీదే తర్వాత సంఘాలు పెరిగాయి. రోశమ్మ 2016లో కన్నుమూశారు.

పక్క ఊళ్లో మాకు తెలిసిన సంఘం మీటింగ్‌లో కాసేపు కూర్చున్నాం. సంఘం లెక్కలు రాసే యానిమేటర్ తీర్మానం పుస్తకం అందరికీ తిప్పింది. ఒక పెద్దావిడ పెన్ను తీసుకుని, పుస్తకాన్ని ఒళ్లోకి లాక్కుని, పేరులోని ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. చివరి అక్షరానికి సున్నా పెట్టాక వేలితో మళ్లీ దాని మీదుగా వెళ్లి చూసుకుంది. అప్పటి రాత్రి బడిలో నేర్చుకున్న సంతకమట. తర్వాత కొంగు ముడి విప్పి చిన్న ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. బ్యాంకు నుంచి ఏదో మెసేజ్ వచ్చింది, చదివి పెట్టమంది.

మెసేజ్ ఇంగ్లిష్‌లో ఉంది. ఆమె తెలుగు చదవగలదు. దినపత్రిక హెడ్డింగులు కూడా చదివి వినిపించింది. అంత కష్టపడి అక్షరాలు నేర్చుకున్న మనిషి, తన డబ్బు సంగతి తెలుసుకోవడానికి మళ్లీ ఇంకొకరి వైపు చూడాల్సి వస్తోంది. నాకు చాలా బాధేసింది. కానీ అక్క వెంటనే ఆవిడ పక్కన కూర్చుని ఒక పని చేసింది. మెసేజ్‌లో అంకెలు ఎక్కడున్నాయో చూపించి, ముందు పడింది జమైన డబ్బు, చివర ఉన్నది మిగిలిన డబ్బు అని చెప్పింది. పెద్దావిడ రెండు పాత మెసేజ్‌లు తెరిచి, రెండింట్లోనూ అంకెలు తనే వెతుక్కుని చదివింది. దీనికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పాఠం నా పట్టికలో అసలు లేదు. రాత్రి హైదరాబాద్ రైల్లో కూర్చుని దాన్ని మొదటి పేజీలో చేర్చాను.

మంగళవారం, పస్తాపూర్, మాచనూరు

జహీరాబాద్ బస్సు దిగేసరికి మధ్యాహ్నం. పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పేరు చిరుధాన్యాల పుణ్యమా అని చాలామందికి తెలుసు. జొన్న, కొర్ర, సామ విత్తనాలు కాపాడే దళిత మహిళల సంఘాలు వాళ్ల బలం. నేను వెళ్లింది మాత్రం వాళ్ల రేడియో, కెమెరాల కోసం.

1995లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ తీర్పు రాసిన ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్ ఉన్నారు. మాచనూరులో స్టూడియో 1990ల చివరికే సిద్ధమైంది, కానీ ప్రసారానికి లైసెన్స్ లేదు. అయినా ఆడవాళ్లు ఆగలేదు. కార్యక్రమాలు క్యాసెట్‌లో రికార్డు చేసి, సంఘం మీటింగుల్లో టేప్ రికార్డర్ మీద వినిపించారు. ఇలా ఏళ్ల తరబడి నడిచింది. 2006లో కేంద్రం స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలిచ్చింది. 2008 అక్టోబర్ 15న, గ్రామీణ మహిళల దినోత్సవం నాడు, సంఘం రేడియో గాల్లోకి వచ్చింది. ప్రారంభించింది జస్టిస్ సావంతే. అల్గోలు నర్సమ్మ, జనరల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు దాన్ని నడిపించారు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ వరస తిరగబడింది. మనం సాధారణంగా ముందు చదువు, తర్వాత మిషన్ అనుకుంటాం. ఇక్కడ చదువురాని ఆడవాళ్లే ముందు మైకు పట్టుకున్నారు. చెప్పాల్సిన సంగతులు వాళ్ల దగ్గర అప్పటికే దండిగా ఉన్నాయి. ఏ విత్తనం ఏ నేలకు పడుతుంది, పశువుకు జబ్బు చేస్తే ఏ ఆకు పెట్టాలి, నాట్లప్పుడు ఏ పాట పాడతారు. వాళ్ల భాషలోనే, వాళ్ల యాసలోనే ప్రసారం. పట్నం తెలుగు మాట్లాడమని ఎవరూ అడగలేదు.

వీడియో తీసే ఆడవాళ్ల సంగతి ఇంకా గట్టిది. సొసైటీలో శిక్షణ పొందిన మహిళలు తీసిన సినిమాలు విదేశాల్లోనూ చూపించారు. కెమెరా ఎత్తును వాళ్లు తమ ఊరి అనుభవంతో అర్థం చేసుకున్నారు. భూస్వామి చూసినట్టు పైనుంచి కిందకు చూసేది పటేల్ షాట్. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కాబట్టి. ఏ ఫిల్మ్ స్కూల్లోనైనా ఈ పాఠం ఇంతకన్నా బాగా చెప్పగలరని నేననుకోను.

సంస్థ వెనకున్న పి.వి. సతీష్ 2023 మార్చిలో పోయారు. పస్తాపూర్‌లో ఆయన పేరు ఇంకా రోజూ వినిపిస్తుంది.

రాత్రి ఏడింటికి ఒక ఇంటి అరుగు మీద కూర్చుని 90.4 పెట్టాం. చిన్న రేడియో, కొంచెం గరగర. మెదక్ యాసలో ఒకావిడ వానాకాలం విత్తనాల గురించి చెబుతోంది. అరుగు మీదున్న ఆడవాళ్లు మధ్యలో రేడియోకే జవాబులు చెబుతున్నారు.

బుధవారం, జహీరాబాద్ దగ్గర ఒక ఊరు

పొద్దున్నే ఊళ్లోనే బ్యాంకు పనులు చేసిపెట్టే బ్యాంక్ మిత్ర దగ్గర నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ఒక అవ్వ వేలిముద్ర మిషన్ మీద వేలు పెట్టింది. పడలేదు. "అవ్వా, ఇంకోపాలి పెట్టు" అన్నాడు పిల్లగాడు. కొంగుతో తుడుచుకుని పెట్టింది. పడలేదు. తడి చేసి పెట్టింది, ఎడమ చెయ్యి పెట్టింది, చివరికి చిటికెన వేలు పడింది. ఏళ్ల తరబడి కలుపు తీసి, రాళ్లు మోసిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. ఆ మిషన్‌కు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ అబ్బాయి మంచివాడు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, చీటీ కూడా చేతిలో పెట్టాడు. అయితే వేలు పడలేదని చెప్పి రెండోసారి పెట్టించి, మొదటిసారి తీసిన డబ్బు కొట్టేసిన మోసాలు దేశంలో చాలాచోట్ల బయటపడ్డాయి. చీటీ చదవడం రాకపోతే ఆ సంగతి తెలిసేసరికి నెల గడుస్తుంది. చదువు లేకుండా మైకు పట్టుకోవచ్చని నిన్న చూసిన నాకు, డబ్బు దగ్గర మాత్రం కనీసం అంకెలు చదవడం రావాలని ఇవాళ తెలిసింది. ఈ రెండూ ఒకదాన్ని ఒకటి కొట్టేసుకునేవి కావు. అవ్వ తన కోసం తాను చూసుకోగలిగేది ఏదో, అది ముందు నేర్పాలి. అంతే.

మధ్యాహ్నం సోలాపూర్ బస్సు. అదే హైవే అలాగే పడమటికి పోతుంది.

గురువారం, మ్హస్వడ్

పండరిపురం దాటాక నేల రంగు మారింది. సాతారా జిల్లా మాణ్ తాలూకా వాన సరిగ్గా పడని చోటు. గొర్రెల మందలు, ముళ్లచెట్లు, అక్కడక్కడా జొన్న. ఇక్కడే మాణదేశి మహిళా సహకార బ్యాంకు ఉంది. ఈ యాత్రలో నేను అందరికన్నా ముందుగా చూడాలనుకున్నది ఇదే.

చేతనా గాలా సిన్హా ముంబైలో పెరిగారు. జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమంలో పనిచేసి, రైతును పెళ్లి చేసుకుని ఈ ఊరికి వచ్చారు. రోడ్డు పక్కన ఇనుప పని చేసుకునే ఒక మహిళ ఒకరోజు ఆమె దగ్గరికొచ్చి, వానలు రాకముందే ఇంటిమీద కప్పడానికి పట్టా కొనుక్కోవాలని, అందుకు రోజూ కొంత దాచుకుంటానంటే బ్యాంకులో ఖాతా తెరవడం లేదని చెప్పింది. అంత చిన్న మొత్తాలు బ్యాంకుకు అక్కర్లేదు. అయితే మనమే బ్యాంకు పెట్టుకుందాం అన్నారు చేతన.

రిజర్వ్ బ్యాంకుకు దరఖాస్తు పెడితే తిరస్కరించారు. సభ్యుల్లో చాలామంది వేలిముద్ర వేశారు, చదువురానివాళ్లకు బ్యాంకు లైసెన్స్ ఇవ్వడం కుదరదన్నారు. ఆ ఆడవాళ్లు ఏడుస్తూ కూర్చోలేదు. చదువు నేర్పమన్నారు. పగలు పని, రాత్రి బడి. కొన్ని నెలల తర్వాత చేతన మళ్లీ రిజర్వ్ బ్యాంకుకు వెళ్లినప్పుడు ఈ ఆడవాళ్లు కూడా వెంట వెళ్లారు. ఏ మొత్తానికైనా వడ్డీ లెక్క అడగండి, కాలిక్యులేటర్ లేకుండా చెబుతాం, మీ అధికారులను కూడా అలాగే చెప్పమనండి అని అక్కడే అడిగారు. 1997లో లైసెన్స్ వచ్చింది.

అక్క ఈ కథ ముందే విన్నదే. అయినా బ్యాంకు మెట్ల మీద నిలబడి మళ్లీ చెప్పించుకుంది. ఆమె జీవితమంతా లెక్కల పుస్తకాలతోనే గడిచింది. నోటిలెక్క వచ్చిన ఆడవాళ్లను చదువురానివాళ్లని పక్కన పెట్టడం ఆమె చాలాసార్లు చూసింది.

తర్వాత జరిగింది నాకు ఇంకా ముఖ్యం. పాస్‌బుక్ ఇంట్లో ఉంటే భర్త చూస్తాడు, డబ్బుందని తెలిస్తే తీసుకుంటాడు, అందుకని మాకు పాస్‌బుక్ వద్దన్నారు ఖాతాదారులు. బ్యాంకు వాళ్ల మాట విన్నది. మనుషులను వాళ్ల దగ్గరికే పంపి, అక్కడికక్కడే జమ చేసుకునే ఏర్పాటు చేసింది. డిజిటల్ లావాదేవీలు వచ్చినప్పుడు పిన్ నంబర్ ఇస్తామంటే మళ్లీ వద్దన్నారు. పిన్ నంబర్ ఎవరైనా కొట్టేయగలరు, బొటనవేలు ఎవరూ కొట్టేయలేరు, కాబట్టి వేలిముద్రే పెట్టండి అన్నారు. ఒకప్పుడు వేలిముద్ర వేశారనే లైసెన్స్ ఇవ్వలేదు. ఇప్పుడు ఆ వేలిముద్రనే వాళ్లు తమ భద్రతకు ఎంచుకున్నారు. పాస్‌బుక్ సంగతైనా, పిన్ సంగతైనా నిర్ణయించింది వాళ్లే.

నిన్నటి అవ్వ అరిగిన వేళ్లు నా కళ్ల ముందే ఉన్నాయి. పిన్ కూడా, వేలిముద్ర కూడా అందరికీ సరిపోవు. ఎవరికి ఏది కుదురుతుందో వాళ్లనే అడగాలి. మా తరగతిలో అందరికీ ఒకటే యాప్, ఒకటే పద్ధతి అనుకున్నాం. దాని మీద అక్కా నేనూ రాత్రి చాలాసేపు వాదించుకున్నాం. అందరికీ ఒకటే అయితే నేర్పేవాళ్లకు తేలిక. నేర్చుకునేవాళ్లకు కాదు. ఎవరికి కుదిరింది వాళ్లకు నేర్పాలన్న అక్క మాటే చివరికి నెగ్గింది.

శుక్రవారం, మ్హస్వడ్ నుంచి పుణె

పొద్దున మాణదేశి బిజినెస్ స్కూల్ సంగతి తెలుసుకున్నాం. 2006లో మొదలైంది. తరగతి దాకా రాలేని ఆడవాళ్ల కోసం బస్సునే తరగతి గదిగా మార్చి ఊరూరా తిప్పుతారు. కుట్టుపని, లెక్కలు, ఫోన్ వాడకం. వీళ్లకూ సొంత రేడియో ఉంది, అదీ 2008లోనే వచ్చింది. తరగతి వేళ ఆడవాళ్ల పనివేళలను బట్టి మారుతుందన్నది నేను రాసుకున్న ఒకే ఒక్క వాక్యం. సాయంత్రానికి పుణె చేరి, రాత్రి అహ్మదాబాద్ రైలెక్కాం.

శనివారం, అహ్మదాబాద్

భద్ర కోట దగ్గర, విక్టోరియా గార్డెన్ ఎదురుగా సేవా రిసెప్షన్ సెంటర్. 1972లో ఇలాబెన్ భట్ మొదలుపెట్టిన సెల్ఫ్ ఎంప్లాయ్డ్ విమెన్స్ అసోసియేషన్ ఇదే. బీడీలు చుట్టేవాళ్లు, తోపుడు బండి మీద కూరగాయలు అమ్మేవాళ్లు, పాత బట్టలు కొనేవాళ్లు, తలమీద బరువులు మోసేవాళ్లు. వీళ్లకు యజమాని అంటూ ఎవరూ లేరు, మరి యూనియన్ ఎలా పెడతారని అప్పటి కార్మిక శాఖ అడిగింది. కార్మికులు ఒకరికొకరు అండగా నిలవడానికి యూనియన్, ఎవరి మీదో పోరాడటానికే కాదు అని వాదించి రిజిస్టర్ చేయించుకున్నారు. ఇలాబెన్ 2022 నవంబర్‌లో కన్నుమూశారు.

1974లో నాలుగు వేల మంది తలా పది రూపాయలు వేసి సేవా బ్యాంకు పెట్టారు. రిజిస్ట్రేషన్ కాగితాల మీద సంతకాలు కావాలి. పేరు రాయడం రాని ఆడవాళ్లు రాత్రంతా కూర్చుని సంతకం నేర్చుకున్నారు. ఖాతాదారులందరూ సంతకం చేయలేరు కాబట్టి పాస్‌బుక్ మీద ఫొటో పెట్టే పద్ధతి తెచ్చారు. ఖాతా నంబర్ రాసిన పలక పట్టుకుని ఫొటో దిగేవాళ్లు. ఈ పలక సంగతి విన్నప్పుడు అక్క చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా సంఘాల్లో ఇప్పుడు లెక్కలు యాప్‌లోకి పోతున్నాయి. పుస్తకం అయితే అందరి మధ్యా తిరుగుతుంది, యాప్ యానిమేటర్ ఫోన్‌లో ఒక్కచోటే ఉంటుంది. తన లెక్క తను కళ్లతో చూసుకునే దారి సభ్యురాలికి ఉండాలని అక్క అప్పటి నుంచి పట్టుబట్టింది. నెలకోసారి స్క్రీన్ పెద్దగా చూపించి అందరి ముందూ చదవాలన్న నియమం అక్కడే పుట్టింది.

1984లో ఇక్కడ వీడియో సేవా మొదలైంది. మాణెక్ చౌక్‌లో కూరగాయలు అమ్మే మహిళలు కెమెరా నేర్చుకుని, పోలీసులు తమ బుట్టలు లాక్కోవడం, కోర్టు కేసు, అన్నీ తామే తీశారు. అమ్ముకోవడానికి చోటు కోసం వాళ్ల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఊళ్లలో పప్పులు, మసాలాలు అమ్మే రుడీ అనే సంస్థ కూడా సేవా వాళ్లదే, 2004లో వచ్చింది. అందులో పనిచేసే ఆడవాళ్లు సరుకు ఆర్డర్ ఇవ్వడానికి కేంద్రం దాకా ప్రయాణం చేయాల్సి వచ్చేది. మొబైల్ నుంచే ఆర్డర్ పంపే పద్ధతి వచ్చాక ఆ తిరుగుడు తప్పింది. ఇది నాకు నచ్చింది. ఫోన్ నేర్చుకుంటే మంచిదని చెప్పలేదు. రేపు పొద్దున బస్సు చార్జీ మిగులుతుందని చూపించారు.

ఆదివారం, రైల్లో

అజ్మీర్ దాకా పగలంతా రైలే. మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది ఇంటర్నెట్ సాథీ. గూగుల్, టాటా ట్రస్ట్స్ కలిసి 2015లో మొదలుపెట్టాయి. ఊరి మహిళకే ఫోన్లు, ట్యాబ్లెట్ పెట్టిన సైకిల్ ఇచ్చి, ఆమె చేతే చుట్టుపక్కల ఆడవాళ్లకు నేర్పించారు. నేర్పేది ఎవరన్నది ఏం నేర్పుతున్నాం అన్నదానికన్నా తక్కువేం కాదు. పట్నం నుంచి వచ్చిన కుర్రాడి ముందు నోరు విప్పని ఆడవాళ్లు పక్కింటి కోడలిని పదిసార్లు అడుగుతారు. మేం టీచర్ల ప్రకటనకు డిగ్రీ అర్హత పెట్టాం. రైల్లోంచే ఫోన్ చేసి తీసేయమని చెప్పాను.

సోమవారం, తిలోనియా

కిషన్‌గఢ్ నుంచి తిలోనియా దగ్గరే. 1972లో బంకర్ రాయ్ మొదలుపెట్టిన బేర్‌ఫుట్ కాలేజీ ఇక్కడుంది. చదువురాని ఊరి ఆడవాళ్లు, చాలామంది అమ్మమ్మలు, సోలార్ ఇంజినీర్లు అవుతారు. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన మహిళలకూ ఇక్కడే శిక్షణ ఇచ్చారు. ఒకరి భాష ఒకరికి రాదు. రంగులు, గుర్తులు, చేతి సైగలతో ఆరు నెలల్లో సర్క్యూట్ కట్టడం, బాగుచేయడం నేర్చుకుంటారు. అమ్మమ్మలనే ఎందుకు ఎంచుకుంటారంటే, కుర్రాళ్లు నేర్చుకోగానే సర్టిఫికెట్ పట్టుకుని పట్నం పోతారు, వీళ్లు ఊరు వదలరు. ఊరికి తిరిగి వెళ్లాక దీపాలు పెట్టించుకున్న కుటుంబాలు నెలనెలా కొంత కడతాయి. బాగుచేసే ఇంజినీరుకు అందులోంచే జీతం. పని, నేర్పు, జీతం మూడూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి.

పగలు మేకలు కాసే పిల్లల కోసం 1975 నుంచి రాత్రి బడులు నడిపారు. అందులో ఆడపిల్లలే ఎక్కువ. పిల్లలే ఓట్లేసి తమ పార్లమెంటును ఎన్నుకునేవాళ్లు, బడి ఎలా నడుస్తోందో చూసే బాధ్యత దానిదే.

సమాచార హక్కు కోసం పోరాడిన అరుణా రాయ్ ఈ తిలోనియాలోనే పనిచేసి, తర్వాత ఇతరులతో కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీలు, రైతుల సంస్థను స్థాపించారు. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో జన్ సూచనా పోర్టల్ తెచ్చింది. రేషన్, పింఛను, ఉపాధి హామీ వివరాలు అర్జీ పెట్టకుండానే ఎవరైనా చూసుకోవచ్చు. తన ఊరి జాబితాలో తన పేరు తనే వెతుక్కోవడం కన్నా ఫోన్ నేర్చుకోవడానికి మంచి కారణం నాకు తట్టలేదు.

సాయంత్రం మా ఊళ్ల నుంచి ఫోన్ వచ్చింది. తరగతికి పేరిచ్చిన మహిళల జాబితా తయారైంది. చాలామంది బ్యాంకు ఖాతాలకు భర్త నంబరో, కొడుకు నంబరో ఉంది. ఓటీపీ వాళ్లకే వెళ్తుంది. డబ్బు పడిన మెసేజ్ కూడా వాళ్లకే. అక్కా నేనూ అక్కడే బెంచీ మీద కూర్చుని మొదటి తరగతి మార్చేశాం. మొదటి తరగతి మా కేంద్రంలో కాదు, బ్యాంకు బ్రాంచిలో. ఆధార్, పాస్‌బుక్, తన పేరు మీదున్న సిమ్ తెచ్చుకోవాలి. సిమ్ లేనివాళ్లకు ముందురోజే ఊళ్లో సిమ్ ఇప్పించాలి. నంబర్ మార్పు ఫారం తెలుగులో ఒకటి నింపి నమూనాగా పెట్టాలి. మేనేజర్ గారితో అక్క అప్పటికప్పుడే మాట్లాడింది. రష్ తక్కువుండే రోజు చూసి, మధ్యాహ్నం రెండు తర్వాత రమ్మన్నారు.